ఐపీ ఎంతన్నా?

నెట్‌వర్క్ ప్రింటర్ కొత్తగా కొన్నవాళ్లు నన్ను ముందుగా అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే. "అన్నా, ఈ మోడల్‌కి ఐపీ ఎంతుంటది?" మోడల్ నంబరు, సీరియల్ నంబరు అచ్చేసినట్టే ఐపీ అడ్రస్ కూడా కంపెనీవాళ్లు ఎక్కడో అచ్చేసి పంపిస్తారని వాళ్ల నమ్మకం. యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన అడ్రస్ తెచ్చి బ్రౌజర్‌లో కొడతారు. పేజీ తెరుచుకోదు. అప్పుడు నాకు ఫోన్ చేస్తారు.

"డబ్బాలకెల్లి తీసినప్పుడు దానికి ఐపీ ఏం ఉండదు సార్. మీ నెట్ ఇస్తది. నెట్ ఇయ్యకపోతే అదే ఒకటి పెట్టుకుంటది" అంటాను. అవతలివాళ్లకి ఇది తప్పించుకునే జవాబులా వినబడుతుందని తెలుసు. కానీ ఉన్న మాట అదే. ప్రింటర్ తనంతట తాను పెట్టుకున్న ఆ అడ్రసే నాకు రోజూ పని కల్పిస్తోంది.

నేనుండేది హైదరాబాద్ మీర్‌పేట్‌లో. బండికి టూల్‌కిట్ బ్యాగు తగిలించుకుని, కాళ్ల దగ్గర రెండు టోనర్ డబ్బాలు పెట్టుకుని జిల్లెలగూడ, అల్మాస్‌గూడ, కర్మన్‌ఘాట్, హస్తినాపురం, అటు ఎల్బీ నగర్, ఇటు దిల్‌సుఖ్‌నగర్ తిరుగుతాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఐపీ అనే మాటతో అవసరమే పడలేదు. జిరాక్స్ షాపుకి పోయినా, ట్యూషన్ సెంటర్‌కి పోయినా, లాయర్ గారింటికి పోయినా మూడింట్లో ఏదో ఒకటి కనబడేది: క్యానన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ 1020, హెచ్‌పీ ఎం1005. మూడూ యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కి తగిలించేవే. అడ్రస్ లేదు, నెట్ లేదు. టోనర్ నింపడం, డ్రమ్ మార్చడం, పికప్ రోలర్ అరిగితే కొత్తది వేయడం, అంతే. ఆ మిషన్లు ఇప్పటికీ మా ఏరియాలో నడుస్తున్నాయి, ఇంకా చాలాకాలం నడుస్తాయి కూడా.

ఇంటింటికీ ఫైబర్ వచ్చి, ఫోన్‌లోంచే ప్రింట్ కొట్టాలన్న కోరిక పుట్టాక మోడల్ పేర్ల చివర 'ఎన్', 'డబ్ల్యూ' అక్షరాలు మొదలయ్యాయి. ఎన్ ఉంటే ల్యాన్ కేబుల్ పెట్టుకునే రంధ్రం ఉన్నట్టు. డబ్ల్యూ ఉంటే వైఫై. డీ ఉంటే కాగితానికి రెండు వైపులా తనే తిప్పి ప్రింట్ చేస్తుంది. హెచ్‌పీ ఎం126ఎన్‌డబ్ల్యూ, బ్రదర్ డీసీపీ ఎల్2541డీడబ్ల్యూ అన్న పేర్లు అట్లా వచ్చినవే. ఆ అక్షరాలు చూసి కొనుక్కోమని చెబితే వినరు, వెయ్యి రూపాయలు తక్కువని అక్షరం లేనిది తెచ్చి "దీనికి వైఫై ఎక్కిచ్చు అన్నా" అంటారు.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకున్నవాళ్లకి ఐపీ సంగతి చెప్పడం సులువు. ఊరి నుంచి వచ్చిన కొత్త పిల్లగాడు ట్రంకు పెట్టె పట్టుకుని హాస్టల్ గుమ్మంలో నిలబడి "ఇక్కడ వార్డెన్ ఎవరన్నా?" అని అరుస్తాడు. వార్డెన్ ఎవరో తెలియదు కాబట్టి అందరికీ వినబడేలా అరవాల్సిందే. వార్డెన్ వచ్చి "మూడో రూములో కిటికీ పక్క మంచం ఖాళీ ఉంది, ఉంటవా?" అంటాడు. "అదే ఇయ్యండి సార్" అంటాడు పిల్లగాడు. వార్డెన్ రిజిస్టర్‌లో రాసుకుని "నెలాఖరు దాక నీదే" అని పంపిస్తాడు. ప్రింటర్ స్విచ్ వేసిన మొదటి కొన్ని సెకన్లలో జరిగేది ఈ నాలుగు మాటలే. డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్నాలెడ్జ్ అని వాటికి పేర్లు. వార్డెన్‌ని డీహెచ్‌సీపీ సర్వర్ అంటారు. మన ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఆ కొలువు గోడకి తగిలించిన రౌటర్‌దే. నెలాఖరు గడువుని లీజు అంటారు. ఇంటి రౌటర్లలో అది ఎక్కువగా ఒక రోజు.

వార్డెన్ పిల్లగాడిని గుర్తుపెట్టుకునేది మ్యాక్ అడ్రస్‌తో. ఇది మాత్రం నిజంగానే ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. 48 బిట్లు, రాస్తే 12 అక్షరాలు. మొదటి సగం తయారు చేసిన కంపెనీది, రెండో సగం ఆ ఒక్క మిషన్‌ది. ప్రింటర్ వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. ఐపీ గురించి జనం అనుకునేవన్నీ మ్యాక్ విషయంలో నిజాలు.

మరి వార్డెన్ లేని రోజు? పిల్లగాడు నాలుగైదు సార్లు పిలిచి చూస్తాడు. ఎవరూ పలకకపోతే తనే ఒక మంచం దగ్గరికి పోయి "ఇది ఎవరిదన్నా ఉందా?" అని అడుగుతాడు. ఎవరూ కాదనకపోతే పెట్టె దానికింద పెట్టేసి పడుకుంటాడు. ప్రింటర్ చేసేదీ అదే. 169.254తో మొదలయ్యే అడ్రస్‌లలోంచి ఒకటి ఎంచుకుంటుంది. "ఈ అడ్రస్ ఎవరైనా వాడుతున్నారా?" అని మూడుసార్లు అడుగుతుంది. జవాబు రాకపోతే పెట్టుకుంటుంది. దీన్ని కొందరు ఆటో ఐపీ అంటారు, విండోస్ భాషలో ఏపీఐపీఏ. విండోస్ 98తో మైక్రోసాఫ్ట్ దీన్ని జనంలోకి తెచ్చింది. ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 2005 మే నెలలో ఆర్‌ఎఫ్‌సీ 3927 పేరుతో దీనికి నియమాలు ఖరారు చేసింది. ఆ నియమాల్లో మొదటి పేరు స్టూవర్ట్ చెషైర్‌ది, యాపిల్‌లో, నెట్‌వర్క్ మీద పరికరాలు ఒకదాన్నొకటి కనుక్కునే బాంజూర్ చేసిన మనిషే. 169.254.1.0 నుంచి 169.254.254.255 వరకు 65,024 అడ్రస్‌లు ఉంటాయి కాబట్టి చిన్న ఆఫీసులో రెండు మిషన్లు ఒకదాని మీద ఒకటి పడే అవకాశం బాగా తక్కువ.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆ ఎంపిక పూర్తిగా గాలివాటం కాదు. మ్యాక్ అడ్రస్‌ని విత్తనంగా పెట్టి లెక్క కట్టమని ఆ నియమాలే చెబుతాయి. అందుకని ఒక ప్రింటర్ నెట్ దొరకనప్పుడల్లా చాలావరకు అదే 169.254 అడ్రస్ చూపిస్తుంది. రెండుసార్లు అదే నంబరు చూసినవాళ్లు "ఇదే దీని పర్మనెంట్ ఐపీ" అని స్కెచ్ పెన్నుతో ప్రింటర్ మూత మీద రాసేస్తారు. అట్లాంటి మూతలు చాలా చూశాను. అది పర్మనెంట్ ఐపీ కాదు, నెట్ తగలలేదని ప్రింటర్ పెట్టుకున్న మొర. కంప్యూటర్లన్నీ 192.168 వీధిలో ఉంటే 169.254 దగ్గరికి వాటికి దారి ఉండదు, రౌటర్ కూడా ఆ అడ్రస్‌ని బయటికి పంపదు.

మొన్నటి పరీక్షల ముందు ఒక స్కూల్ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. హాల్ టికెట్లు తీయాలి, ప్రింటర్ ఆఫ్‌లైన్. ఆఫీసు మేడమ్ కుర్చీలోంచి లేచి మరీ చెప్పింది. "నిన్నటి దాక మంచిగనే వచ్చిందన్నా. మేమేం ముట్టలే." ఈ చివరి మాట లేకుండా ఏ కంప్లైంటూ రాదు. నేను కంప్యూటర్ వైపు పోలేదు. ప్రింటర్ మీద కాగితం గుర్తు ఉన్న బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకున్నాను. లైటు మినుకుమంది, కాన్ఫిగరేషన్ పేజీ బయటికి వచ్చింది.

ఈ పేజీని చదవడం వస్తే ఈ వృత్తిలో సగం వచ్చినట్టే. పైన ఎన్ని పేజీలు ప్రింట్ అయ్యాయో ఉంటుంది, దాన్ని నేను ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) లెక్కకి వాడుకుంటాను. కింద నెట్‌వర్క్ భాగం. హార్డ్‌వేర్ అడ్రస్ అన్న చోట మ్యాక్. ఐపీ అడ్రస్ ఎదురుగా 169.254 అంటూ ఏదో. సబ్‌నెట్ మాస్క్ 255.255.0.0. దాని కింద అన్నిటికన్నా విలువైన వరస: అడ్రస్ ఎవరిచ్చారు? డీహెచ్‌సీపీ అనుంటే రౌటర్ ఇచ్చింది. మాన్యువల్ అనుంటే ఎవరో చేత్తో పెట్టారు. ఆటో ఐపీ అనుంటే ఎవరూ ఇవ్వలేదు. ఇక్కడ ఆటో ఐపీ. అంటే ప్రింటర్‌కి జబ్బు లేదు, రౌటర్‌కీ ప్రింటర్‌కీ నడుమ తెగింది.

"కేబుల్ మంచిగనే ఉందన్నా, లైటు వెలుగుతుంది చూడు" అంది మేడమ్. వెనక ల్యాన్ పోర్టు దగ్గర ఆకుపచ్చ లైటు వెలుగుతోంది, నిజమే. కానీ ఆ లైటు ఆ వైరు అవతలి చివర వరకే హామీ ఇస్తుంది. వైరు పట్టుకుని పోతే బల్ల కింద దుమ్ములో ఎనిమిది పోర్టుల స్విచ్ ఒకటి. అందులో ప్రింటర్ వైరు ఉంది, కెమెరాల డీవీఆర్ వైరు కొత్తగా చేరింది, రౌటర్ నుంచి వచ్చే వైరు మాత్రం బయట వేలాడుతోంది. కెమెరాలు పెట్టడానికి వచ్చినవాళ్లకి రంధ్రం కావాల్సి వచ్చి దాన్ని పీకేశారు. పాడైన పోర్టులకి ఎవరో టేపు వేసి ఉంచారు, పనిచేసే ఖాళీ రంధ్రం ఇంకోటి లేదు. ఆఫీసు కంప్యూటర్లు వైఫై మీద ఉన్నాయి కాబట్టి నెట్ బాగానే వస్తోంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కొత్త స్విచ్ పెట్టి వైర్లన్నీ తగిలించి ప్రింటర్ ఆపి వేశాను. ఈసారి పేజీ మీద డీహెచ్‌సీపీ అని వచ్చింది.

అడ్రస్ ఎవరు ఇవ్వాలన్న తగువు నాకంటే పాతది. 1985లో యాపిల్ లేజర్‌రైటర్ ప్రింటర్ తెచ్చినప్పుడు దాని యాపిల్‌టాక్ నెట్‌వర్క్‌లో ప్రతి యంత్రమూ తన నంబరు తనే ఎంచుకుని, ఇంకెవరూ వాడట్లేదని చూసుకుని పెట్టుకునేది. ఇప్పటి ఆటో ఐపీ ఊహ అక్కడిదే. ఇంటర్నెట్ వైపు వాళ్లు మాత్రం ఇచ్చేవాడు ఒకడు ఉండాల్సిందే అన్నారు. 1984లో ఆర్‌ఏఆర్‌పీ వచ్చింది, 1985లో బూట్‌పీ వచ్చింది. బూట్‌పీలో ఏ మ్యాక్‌కి ఏ ఐపీ అన్నది ఒక మనిషి కూర్చుని పట్టికలో రాసి పెట్టాలి. లీజు పద్ధతితో, ఖాళీ ఉన్నది తీసి ఇచ్చే డీహెచ్‌సీపీ 1993లో వచ్చింది. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపం 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2131, రాసింది రాల్ఫ్ డ్రామ్స్.

ప్రింటర్‌ని నెట్‌వర్క్‌కి కలిపే హెచ్‌పీ జెట్‌డైరెక్ట్ కార్డులు 1991లోనే వచ్చేశాయి. డీహెచ్‌సీపీ ఇంకా పుట్టలేదు. పట్టిక రాసిపెట్టే మనిషి లేని ఆఫీసులో ఆ కార్డు ఏం చేయాలి? పాత జెట్‌డైరెక్ట్‌లు కొంతసేపు అడిగి చూసి, ఎవరూ పలకకపోతే 192.0.0.192 అని పెట్టుకునేవి. పాత బ్రదర్ ప్రింటర్లదీ అదే నంబరు. ఈ పాత పద్ధతిలోనే జనం అడిగే "ఈ మోడల్‌కి ఐపీ ఎంత" అన్న ప్రశ్నకి అర్థం ఉంది. అప్పట్లో నిజంగానే మోడల్‌కి ఒక ఐపీ ఉండేది. ఇళ్లలో, ఆఫీసుల్లో ఎవరైనా వాడుకోవచ్చని 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి ఆర్‌ఎఫ్‌సీ 1918 పేరుతో స్థిరంగా కేటాయించింది 1996లో. అంతకుముందు తయారైన వాటిని ఏమీ అనలేం. తర్వాత కూడా కొన్ని కంపెనీలు తోచిన నంబరు పెట్టాయి. రికో కాపియర్ల డీఫాల్ట్ 11.22.33.44. గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది గానీ, 11తో మొదలయ్యే అడ్రస్‌లన్నీ అమెరికా రక్షణ శాఖకి కేటాయించినవి. కర్మన్‌ఘాట్ జిరాక్స్ షాపులో ఓ మూల ఉన్న కాపియర్ ఆ అడ్రస్‌తో కూర్చుంటే అమెరికాకి పోయే నష్టం ఏమీ లేదు. అయినా ఊరివాళ్ల జాగాలో గుడిసె వేసుకున్నట్టే నాకు అనిపిస్తుంది, చూసిన వెంటనే మార్చేస్తాను.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ నెట్‌వర్క్ ప్రింటర్లు తెచ్చుకునే షాపులవాళ్ల వల్ల ఈ పాత నంబర్లు నాకు ఇంకా తగులుతూనే ఉంటాయి. స్క్రీన్ పగిలి, మెనూ కనబడని మిషన్ చేతికొస్తే ఒక పాత కిటుకు ఉంది. కంప్యూటర్‌లో నల్ల తెర తెరిచి, ఈ మ్యాక్‌కి ఈ ఐపీ అని ఏఆర్‌పీ పట్టికలో చేత్తో రాసి, ఆ ఐపీకి పింగ్ కొడతాం, అంటే 'ఉన్నావా' అని పిలుస్తాం. పాత జెట్‌డైరెక్ట్ తన మ్యాక్‌కి వచ్చిన ఆ పింగ్‌లోని ఐపీనే తన అడ్రస్‌గా తీసుకుంటుంది. ఆ "రిప్లై" వరసలు తెర మీద పడుతుంటే ఇప్పటికీ సంబరంగానే ఉంటుంది.

బిల్లు ప్రింటర్ల సంగతి వేరు. హోటళ్లలో, మెడికల్ షాపుల్లో వాడే చిన్న థర్మల్ ప్రింటర్లు చాలావరకు ఎవరినీ అడగవు. నంబరు ఫ్యాక్టరీలోనే బిగించి పంపిస్తారు. ఎప్సన్ వాటిల్లో 192.168.192.168, ఎక్స్‌ప్రింటర్ వంటి చైనా రకాల్లో 192.168.123.100. ఎల్బీ నగర్ వైపు ఒక హోటల్‌లో బిల్లు కౌంటర్‌కి ఒకటి, వంటగదికి ఒకటి అని ఒకే రకం రెండు తెచ్చి, రెండింటినీ ఒకేసారి స్విచ్‌లో గుచ్చేశారు. ఆర్డర్ చీటీ ఒకసారి వంటగదిలో వస్తుంది, ఇంకోసారి కౌంటర్‌లో వస్తుంది, ఇంకోసారి ఎక్కడా రాదు. వంటమాస్టర్ "నాకు చీటీ రాలే" అంటాడు, కౌంటర్‌లో కూర్చున్నాయన "నేను కొట్టిన" అంటాడు. ఇద్దరి మాటా నిజమే. రెండు యంత్రాలూ ఒకే అడ్రస్‌కి "నేనే" అని పలుకుతుంటే చీటీ ఎవరి దగ్గరికి పంపాలో బిల్లు కొట్టే కంప్యూటర్‌కి ఎట్లా తెలుస్తుంది?

ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ వేస్తే సెల్ఫ్ టెస్ట్ చీటీ వస్తుంది. రెండింటిదీ తీసి పక్కపక్కన పెట్టి ఓనర్‌కి చూపించాను. రెండు చీటీల మీదా 192.168.123.100. వంటగదిదాన్ని పీకేసి, నా ల్యాప్‌టాప్‌కి చేత్తో 192.168.123.50 పెట్టి, కౌంటర్ ప్రింటర్‌కి నేరుగా కేబుల్ వేశాను. ల్యాప్‌టాప్ ఆ వీధిలోకి రాకపోతే ప్రింటర్ కనబడదు, ఈ మెట్టు తెలియకే చాలామంది డ్రైవర్లు తీసి పెట్టుకుంటూ గంటలు పోగొట్టుకుంటారు. సెట్టింగ్స్ తెరిచి, హోటల్ రౌటర్ వరసలోకి, అంటే 192.168.1తో మొదలయ్యేదానికి మార్చాను. తర్వాత వంటగదిది. ఒకటి 201, ఒకటి 202. రౌటర్ తనంతట తాను పంచే నంబర్లు 2 నుంచి 150 దాకా ఉండేలా కుదించాను, లేకపోతే ఏదో ఒక రోజు ఎవరి ఫోన్‌కో 201 పోతుంది.

ఇక నెట్ కంపెనీ మార్చినప్పుడు వచ్చే తంటా. కోచింగ్ సెంటర్లకి ఇది ఏడాదికోసారి పండగలా వస్తుంది. ఆఫర్ బాగుందని కొత్త కనెక్షన్ తీసుకుంటారు, పాత రౌటర్ పోయి కొత్తది వస్తుంది. పాతదాని వీధి 192.168.1, కొత్తది జియోఫైబర్ అయితే 192.168.29, ఇంకో రకం అయితే 192.168.0. ప్రింటర్ డీహెచ్‌సీపీలో ఉంటే కొత్త అడ్రస్ తీసుకుని హాయిగా కూర్చుంటుంది. ఎవరైనా తెలివిగా ప్యానెల్‌లో చేత్తో స్టాటిక్ పెట్టి ఉంటే పాత వీధి అడ్రస్ పట్టుకునే వేలాడుతుంది. విండోస్ సంగతి ఇంకోలా ఉంటుంది. ఒకసారి పోర్టులో రాసుకున్న ఐపీకే అది పేజీలు పంపిస్తూ ఉంటుంది. ప్రింటర్‌ని తీసేసి మళ్లీ కలిపినా ఒక్కోసారి పాత పోర్టే పట్టుకుంటుంది.

విండోస్ తనే వెతికి పెట్టుకునే డబ్ల్యూఎస్‌డీ పోర్టు మీద నాకు నమ్మకం లేదు. అడ్రస్ మారినా అదే కనుక్కోవాలి, సూత్రం అదే. నా ఏరియాలో మాత్రం అది కనుక్కోలేని రోజులే నాకు ఫోన్లు తెస్తాయి. నేను స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్టు పెట్టి, 9100 నంబరు ద్వారం చూపించి వస్తాను. పింగ్ కొడితే ప్రింటర్ పలుకుతున్నా తెర మీద ఆఫ్‌లైన్ అని చూపిస్తుంటే, ఆ పోర్టు సెట్టింగ్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ అన్న టిక్ తీసేసి చూడండి. చాలాసార్లు అక్కడితో తగువు తీరిపోతుంది.

ఎండాకాలం కరెంటు పోయి వచ్చిందంటే ఫోన్ మోగుతూనే ఉంటుంది. ప్రింటర్ కొన్ని సెకన్లలో లేస్తుంది, ఫైబర్ రౌటర్ లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. వార్డెన్ కళ్లు తెరవకముందే పిల్లగాడు అరిచి అరిచి ఊరుకుంటాడు, 169.254 పెట్టుకుంటాడు. మంచి ప్రింటర్లు తర్వాత కూడా కొన్ని నిమిషాలకోసారి అడిగి చూస్తాయి, కొన్ని మళ్లీ ఆపి వేసేదాకా అట్లాగే ఉండిపోతాయి. ఇంకో రకం ఇబ్బంది, చిన్న రౌటర్లలో చాలావాటికి ఆ వార్డెన్ రిజిస్టర్ మెమరీలోనే ఉంటుంది. కరెంటుతో పాటే పోతుంది. ముందు ఎవరు అడిగితే వాళ్లకి ముందు నంబరు. ఒక డయాగ్నోస్టిక్ సెంటర్‌లో ముందురోజు ప్రింటర్‌ది అయిన అడ్రస్ పొద్దున వెయిటింగ్ హాల్‌లో ఎవరి ఫోన్‌కో పోయింది. రిసెప్షన్ అమ్మాయి నొక్కిన రిపోర్టులన్నీ మధ్యాహ్నం దాకా ఆ పేషెంట్ ఫోన్ తలుపు తడుతూనే ఉన్నాయి.

దీనికి మందు రౌటర్‌లోనే ఉంది. అడ్రస్ రిజర్వేషన్ అని ఒక పేజీ ఉంటుంది. ప్రింటర్ మ్యాక్ రాసి, దాని ఎదురుగా కావాల్సిన ఐపీ రాసి సేవ్ చేస్తే చాలు. ప్రింటర్‌ని డీహెచ్‌సీపీలోనే ఉంచాలి. అది అడుగుతుంది, రౌటర్ ఎప్పుడూ అదే ఇస్తుంది. ప్యానెల్‌లో స్టాటిక్ పెట్టడం కంటే ఇది ఎందుకు మేలంటే, ఎవరికి ఏ నంబరు అన్న లెక్క ఒక్కచోటే ఉంటుంది. రౌటర్ మారిస్తే ఆ లెక్కా పోతుంది కదా అంటారు. పోతుంది. అందుకే పది కంప్యూటర్లు దాటిన చోట కంపెనీ ఇచ్చిన డబ్బా వెనక సొంత రౌటర్ ఒకటి పెట్టించుకోమని చెబుతాను. నెట్ ఎవరిదైనా, లోపలి వీధి మారదు. వినేవాళ్లు తక్కువ, రెండు వేలు ఖర్చు కదా.

వైఫై డైరెక్ట్ గురించి కూడా ఒక మాట. ఫోన్‌లో డైరెక్ట్ అని మొదలయ్యే పేరు కనబడితే చాలామంది దానికే కనెక్ట్ అవుతారు. అప్పుడు ప్రింటరే రౌటర్ వేషం వేస్తుంది, హెచ్‌పీ వాటిల్లో తనకి 192.168.223.1 పెట్టుకుని ఫోన్‌కి ఒక అడ్రస్ ఇస్తుంది. ప్రింట్ వస్తుంది, వాట్సాప్ ఆగిపోతుంది. "ప్రింటర్ పెట్టినంక నెట్ పోతుందన్నా" అని వచ్చే కంప్లైంట్లలో చాలావరకు ఇదే.

బయట ఊళ్లో ఉండి కూడా ఆఫీసు ప్రింటర్ వాడాలని రౌటర్‌లో 9100 ద్వారం ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టమని అడిగేవాళ్లు ఉన్నారు. నేను పెట్టను. 2018 చివర్లో ఒకడు అట్లా తెరిచి ఉన్న ప్రింటర్లు వెతికి, దాదాపు 50,000 ప్రింటర్లలో ఒక యూట్యూబ్ చానల్‌కి ప్రచారం అచ్చేయించానని చెప్పుకున్నాడు. వాడికి తాళం పగలగొట్టే పనే పడలేదు, ఆ ద్వారం పాస్‌వర్డ్ అడగదు. లోపల కూడా ప్రింటర్ సెట్టింగ్స్ పేజీకి ఒక పాస్‌వర్డ్ పెట్టండి, చాలా మిషన్లు ఖాళీగానో, వెనక స్టిక్కర్ మీద రాసి ఉన్నదానితోనో వస్తాయి.

ఇక మీ పని. కొత్త ప్రింటర్ బాగా నడుస్తున్న రోజే ఆ కాన్ఫిగరేషన్ పేజీ ఒకటి తీసి ట్రే కింద పెట్టుకోండి. మొరాయించిన రోజు ఇంకోటి తీసి రెండింటి ఫొటోలూ వాట్సాప్‌లో పంపిస్తే చాలావరకు ఫోన్‌లోనే తేలిపోతుంది. రెండో పేజీలో 169.254 కనబడితే మాత్రం నాకు ఫోన్ చేసే ముందు ప్రింటర్ ఆపేయండి, రౌటర్ నుంచి స్విచ్‌కి, స్విచ్ నుంచి ప్రింటర్‌కి వైర్లు గట్టిగా నొక్కి పెట్టండి, రౌటర్ లైట్లు కుదురుకున్నాక ప్రింటర్ వేయండి. దానికి నేను వచ్చి విజిటింగ్ చార్జి తీసుకోవడం నాకే బాగుండదు.